చెయ్యి వేస్తేనే వేధింపా?

పొద్దున్నే దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టళ్ల గేట్లు తెరుచుకుంటాయి. కొందరమ్మాయిలు మెట్రో ఎక్కి కోఠి వైపు వెళతారు. కొందరు ఎల్బీనగర్ చౌరస్తాలో ఇబ్రహీంపట్నం దారిలో వెళ్లే కాలేజీ బస్సు అందుకుంటారు. ఇంకొందరు చైతన్యపురి, కొత్తపేట సందుల్లో కోచింగ్ సెంటర్ల మెట్లెక్కుతారు. లైంగిక వేధింపు అనగానే వీళ్లకే కాదు, ఇంట్లో పెద్దవాళ్లకూ గుర్తొచ్చేది ఒంటి మీద చెయ్యి వేయడమే.

చట్టం అక్కడితో ఆగలేదు. రాత్రి పదకొండుకు లెక్చరర్ నుంచి 'డీపీ బాగుంది' అని మెసేజ్ వచ్చిందనుకోండి. అమ్మాయి జవాబివ్వలేదు. మర్నాటి నుంచి ల్యాబ్ రికార్డు మీద సంతకం పడదు. ఇంటర్నల్ మార్కుల మాటెత్తితే 'ఒకసారి విడిగా వచ్చి కలువు' అంటాడు. ఇక్కడ ఎవరూ ఎవరినీ ముట్టుకోలేదు. అయినా ఇది వేధింపే. అసభ్యమైన వ్యాఖ్యలు, బూతు వీడియోలు చూపించడం, కోరిక తీరిస్తే మేలు చేస్తాననడం, కాదంటే చదువు పాడుచేస్తానని బెదిరించడం కూడా అంతే. 'సార్ సరదాగా అన్నారు' అన్న సమర్థన ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. అమ్మాయికి అది ఇష్టమా, కాదా అన్నదే చట్టం అడిగే ప్రశ్న. భయంతో నోరు మెదపకపోతే ఇష్టపడినట్లు కాదు.

దీనికి మూలం 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన విశాఖ తీర్పు. (మన విశాఖపట్నం కాదు, రాజస్థాన్‌లోని ఒక మహిళా సంస్థ పేరది.) తర్వాత 2013లో చట్టం వచ్చింది. కాలేజీలు, యూనివర్సిటీల కోసం యూజీసీ 2015 నిబంధనలు చేసింది. వీటి ప్రకారం కాలేజీ బస్సు, స్టడీ టూరు, క్రీడాపోటీలు కూడా క్యాంపస్ కిందే లెక్క.

ఫిర్యాదు తీసుకునేది అంతర్గత ఫిర్యాదుల కమిటీ. అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలే కావాలి. విద్యార్థుల విషయమైతే ముగ్గురు విద్యార్థులు, బయటి నుంచి ఒక సభ్యుడో సభ్యురాలో ఉండాలి. వీసీ, రిజిస్ట్రార్, డీన్ల వంటి పెద్దలకు అందులో చోటు లేదు. ఘటన జరిగిన మూడు నెలల్లోగా రాతపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణముంటే మరో మూడు నెలల గడువిస్తారు. రాయడం చేతకాకపోతే కమిటీయే సాయపడాలి. విచారణ 90 రోజుల్లో ముగించాలి. ఈలోగా ఆ లెక్చరర్ ఆమె పేపరు దిద్దకుండా ఆపమనీ అడగొచ్చు. మార్కుల భయంతో నోరు కట్టేసుకునేవాళ్లకు ఇది చాలా పెద్ద ఊరట. ఎందుకనో దీని గురించే ఎక్కువమందికి తెలియదు.

ఇవన్నీ కాగితం మీది మాటలేనా అని అడిగేవారుంటారు. 2022 డిసెంబరులో హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో థాయ్‌లాండ్ విద్యార్థిని ఫిర్యాదు చేస్తే, పోలీసులు ప్రొఫెసర్‌ను అరెస్టు చేశారు, యూనివర్సిటీ సస్పెండ్ చేసింది. పరాయి దేశం నుంచి వచ్చిన అమ్మాయి ధైర్యం చేసింది. మన ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు అసలు భయం సార్ కాదు, 'ఇంట్లో తెలిస్తే చదువు మాన్పించేస్తారు' అన్నది. తప్పు చేసినవాడు పాఠం చెబుతూనే ఉంటే, ఈ పిల్ల పెట్టె సర్దుకుని ఊరెళ్లడం ఏం న్యాయం?

కోచింగ్ సెంటర్లకు యూజీసీ నిబంధనలు వర్తించకపోయినా 2013 చట్టం వర్తిస్తుంది. పదిమంది సిబ్బంది ఉంటే కమిటీ తప్పనిసరి. అంతకన్నా తక్కువుంటే జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్లాలి. ఇంటర్ పిల్లల్లో ఎక్కువమందికి పద్దెనిమిదేళ్లు నిండవు కాబట్టి వారికి 2012 నాటి పోక్సో చట్టం ఉంది. తెలిసీ పోలీసులకు చెప్పకపోతే ఆ దాచినవారిదీ నేరమే. తక్షణ సాయానికి 112, 181 నంబర్లున్నాయి.

అడ్మిషన్‌కు వెళ్లినప్పుడు ఫీజు, ర్యాంకులు, ఏసీ గదుల గురించి గుచ్చిగుచ్చి అడుగుతాం కదా. కమిటీని నియమించిన ఉత్తర్వును అందరికీ కనిపించేలా గోడకు అతికించాలన్నది కూడా చట్టమే. అదెక్కడుందో చూపించమనండి.