శిలలపై స్త్రీల పేరులు



బౌద్ధమతము స్త్రీలకు సర్వమును ఒసగినదని కొందఱందురు. ఇల్లు విడువ నేర్పినదే కాని వేఱేమియు చేయలేదని మఱికొందఱందురు. ఈ రెండు మాటలును అర్ధసత్యములని మా యభిప్రాయము.

బుద్ధుని పెంచిన తల్లియగు మహాప్రజాపతి గౌతమి స్త్రీలకును సంఘమున చోటిమ్మని వేడినప్పుడు, ఆయన ముమ్మాఱు నిరాకరించెనని వినయపిటకము చెప్పుచున్నది. పిదప ఆనందుడు, స్త్రీలకు నిర్వాణము పొందు శక్తి కలదా యని ప్రశ్నింపగా, కలదని ఆయన యొప్పుకొనెను. అంతట భిక్షుణీసంఘము వెలసినది. అయినను ఎనిమిది నియమములు విధింపబడెను. దీక్షగొని నూఱేండ్లయిన భిక్షుణియైనను, ఆనాడే దీక్షగొన్న భిక్షువునకు లేచి మ్రొక్కవలెనట! తలుపు తెఱచిరి కాని గడప యెత్తుగానే యుంచిరి. ఆ గడప దాటిన వారిలో బిడ్డను పోగొట్టుకొన్న కిసాగోతమి, కుటుంబమునంతను కోల్పోయిన పటాచార, వైశాలీనగరపు వేశ్యయగు అంబపాలి కలరు. వారి పేరుల మీది పద్యములు పాళీభాషయందు ‘థేరీగాథ’ యను గ్రంథమున నేటికిని నిలిచియున్నవి.

ఇక మనవలె ఇల్లు విడువని గృహిణుల మాట చూతము. ఇందులకు దూరదేశమునకు పోనక్కఱలేదు. క్రీ. శ. 3వ శతాబ్దమున కృష్ణాతీరమందలి విజయపురిని, అనగా నాగార్జునకొండను, ఇక్ష్వాకులు పాలించిరి. ఆ వంశపు చాంతమూలమహారాజు అశ్వమేధము చేసినవాడు, మహాసేనుని భక్తుడు. ఆయన సోదరి చాంతిసిరియో, బౌద్ధుల మహాచైత్యమునకు స్తంభములు నిలిపినది. ఒక్క యింట రెండు మార్గములు! సోదరుని మార్గము సోదరికి అడ్డు కాలేదు.

రాణివాసపు స్త్రీలకే ఇది చెల్లినదనుకొనరాదు. బోధిసిరి యను ఉపాసిక సింహళాచార్యుల కొఱకు చైత్యగృహము కట్టించి, పుట్టినింటివారిని, మెట్టినింటివారిని శాసనమున పేర్కొని, ఆ పుణ్యమున పాలు పంచినది. అమరావతి శాసనములయందును భిక్షుణులు, గృహిణులు దాతలై కనబడుచున్నారు.

యజ్ఞమున భార్య భర్త ప్రక్కన కూర్చుండును. చైత్యదానమున ఆమెయే దాత కాగలిగినది. ఇందలి విశేషమిదియే. దానము చేయుటకు ముందు ‘ఇది నాది’ యనదగినది కొంత యుండవలెను గదా! కలవారి యాడువారికే ఇది సాధ్యమయ్యెననుట నిజమే. కూలి చేసిన స్త్రీల పేరులు ఆ శిలలపై వెదకినను దొరకుట యరిది.

ఆ లోయ నాగార్జునసాగరమున మునిగినది. 1954 మొదలు 1960 వఱకు త్రవ్వి తీసిన శిలలు నేడు ద్వీపమందలి ప్రదర్శనశాలలో నున్నవి.

ఇప్పుడు మన సంగతి. హిందూ యుమ్మడి కుటుంబపు ఆస్తిలో కుమార్తెకును సమానభాగమును 2005వ సంవత్సరపు చట్టసవరణ ఇచ్చినది. ఆంధ్రప్రదేశమున 1985 నుండియే అప్పటికి పెండ్లికాని కుమార్తెలకు అది యుండెను. అయినను అన్నదమ్ముల మొగమోటమునకు, ‘నాకేమియు వలదు’ అని సంతకము చేయుచున్న ఆడుపడుచులెందఱో! ఇచ్చివేయుట మంచిదే. కాని తెలిసి యిచ్చుట దానము. తెలియక వదలుకొనుట దానము కాదు. కాగితముపై పేరు వ్రాయుటకు ముందు అందేమున్నదో చదువుకొనుడు. బోధిసిరి తన పేరును శిలపై చెక్కించినది ఇచ్చుటకు గాని, పోగొట్టుకొనుటకు గాదు.