శాంతిసేన చేసిన యుద్ధము

తగవులాడుచున్న యన్నదమ్ములలో నొకనికి పొరుగువాడు రహస్యముగా కత్తి నిచ్చి, పిమ్మట తానే మధ్యవర్తిగా వచ్చి యరుగుమీద కూర్చుండినచో, ఊరివారు వానిని పెద్దమనిషి యందురా? 1987 జులై 29వ తేదీన కొలంబో నగరమున భారత ప్రధాని రాజీవ్ గాంధీయు, శ్రీలంక యధ్యక్షుడు జయవర్ధనేయు చేసికొన్న యొడంబడికను తలచినపుడెల్ల మాకీ ప్రశ్న మనసునకు వచ్చుచుండును. ఒడంబడిక మంచిదేయనియు, దానిని నడపుటలో మాత్రమే లోపములు జరిగెననియు, మన సేనకు చేతులు కట్టివేయకుండినచో కార్యము సఫలమై యుండెడిదనియు నేటికిని వాదించువారు కలరు. మేమీ వాదము నంగీకరింపము. లోపము నడకలో లేదు, పునాదిలోనే యున్నది.

తమిళుల దుఃఖము కల్పితమని మేమనుట లేదు. స్వాతంత్ర్యము వచ్చిన 1948వ సంవత్సరముననే తేయాకు తోటలలోని తమిళ కూలీలలో లక్షలమందికి పౌరసత్వము లేకుండ చేసిరి. 1956లో సింహళమొక్కటే రాజభాష యనిరి. 1957లో బండారనాయకే చెల్వనాయకముతో నొక యొడంబడిక చేసికొని, బౌద్ధ భిక్షువుల యలజడికి జడిసి మరుసటి యేడే దానిని త్రోసిపుచ్చెను. 1970 దాటినపిమ్మట విశ్వవిద్యాలయ ప్రవేశములలో తమిళ విద్యార్థులకు హెచ్చు మార్కులు కావలసివచ్చినవి. 1981లో జాఫ్నా గ్రంథాలయమును తగులబెట్టిరి. అందు తొంబదివేలకు పైగా గ్రంథములు, తిరిగి దొరకని తాళపత్రములతోకూడ, బూడిదయైనవి. పుస్తకములను కాల్చిన ప్రభుత్వమును నమ్ముడని యే యువకునికి చెప్పగలము? 1983 జులైలో పులులు పదుమువ్వురు సైనికులను చంపగా, కొలంబోలో నల్లరిమూకలు వోటర్ల పట్టికలు చేతబట్టి తమిళుల యిండ్లు వెదకి దహించినవి. అప్పుడు మన విదేశాంగ మంత్రిగా నుండిన పి.వి. నరసింహారావు కొలంబోకు వెళ్లి వచ్చెను.

వెళ్లి మాటలాడుట న్యాయమే. కాని ఢిల్లీ యొక చేత సంధి పత్రములను, మరియొక చేత తుపాకులను పట్టుకొనెను. తమిళ యువకుల దళములకు మన గడ్డమీద శిబిరములు వెలసినవి. మన ప్రభుత్వపు రహస్య శాఖయే వారికి యుద్ధవిద్య గరపినది. ఆ విద్య నేర్చినవారు ముందుగా శత్రువునే గాక తమవారినిగూడ చంపిరి. 1986లో పులులు టెలో యను తోటి దళమును దాని నాయకునితో సహా నిర్మూలించిరి. ఇది చూచియు ఢిల్లీకి కనువిప్పు కలుగలేదు.

ఇక నొడంబడిక మాట. యుద్ధము చేయుచున్నది సింహళ ప్రభుత్వమును, పులులును. సంతకములు చేసినది సింహళ ప్రభుత్వమును, భారత ప్రభుత్వమును. పిల్ల నడుగక పెద్దలిరువురు తాంబూలములు పుచ్చుకొన్న సంబంధములు మన దేశమున నెన్ని చూడలేదు! పులుల నాయకుడు ప్రభాకరను ఢిల్లీలోని హోటలు గదిలో కావలి నడుమ నుండగా, అతడు డెబ్బదిరెండు గంటలలో నాయుధములు దించవలెనని యితరులు వ్రాసికొనిరి. ఒడంబడికతోపాటు మారిన లేఖలను చదివిన మరియొక సంగతి తెలియును. త్రికోణమల రేవు భారతమునకు హాని కలుగునట్లు పరుల సేనలకు వినియోగింపరాదనియు, అచటి చమురు తొట్లను ఇరుదేశములు కలిసి బాగుచేయవలెననియు వానిలో నున్నది. పిల్లుల తగవు తీర్చవచ్చిన కోతి రొట్టెముక్క కొరుకక పోవునా?

అక్టోబరు 10వ తేదీకి శాంతిసేన యుద్ధసేనయైనది. ఆ పేరు పెట్టినవారికి తెనుగున విపరీతలక్షణ యొకటి కలదని తెలిసియుండదు. 11వ తేదీ రాత్రి జాఫ్నా విశ్వవిద్యాలయ ప్రాంగణమున దిగిన సిక్కు సైనికులు ముప్పదిమందిలో నొక్కడు మాత్రమే ప్రాణములతో చిక్కెను. 21వ తేదీ, దీపావళినాడు, మన సైనికులు జాఫ్నా యాసుపత్రిలో ప్రవేశించిరి. రోగులును, దాదులును, వైద్యులును కలిసి యరువదిమందికి పైగా మరణించిరి. ఇరుపక్షముల కాల్పుల నడుమ చిక్కి చచ్చిరని సేనవారనిరి. తాము నిరాయుధులమని చేతులెత్తిన వైద్యులనే కాల్చిరని బ్రదికి బయటపడినవారనిరి.

చేతులు కట్టివేసిరనువారిని మేమొకటి యడుగుదుము. డెబ్బదివేలకు మించిన సేన రెండు సంవత్సరములకు పైగా పోరాడిన పిమ్మట నింకను విప్పవలసిన కట్టేది? జాఫ్నాలో నింక నెన్ని వీధులు కాల్చిన జయమనిపించుకొనును? ఏ ప్రజలను కాపాడుటకై పోతిమో వారి గుమ్మములలో సోదాలు చేయుచు వారి ప్రేమను పొందుట యే సేనానికిని సాధ్యము గాదు. అంతట నాగక, మన యండనున్న పక్షమువారు బాలురను బలవంతముగా పట్టితెచ్చి దళములలో చేర్చిరి. మనము తరలివచ్చునపుడు వారిని పులుల పాలు చేసి వచ్చితిమి. దక్షిణమున నీ యొడంబడికయే సాకుగా లేచిన సింహళ యువకుల తిరుగుబాటులోను, దాని నణచుటలోను పదులవేల ప్రాణములు పోయినవి. తుద కధ్యక్షుడు ప్రేమదాస మన సేనను పొమ్మని, మనపై పోరుటకు పులులకే యాయుధము లిచ్చెను. 1990 మార్చిలో కడపటి యోడ కదలినది. జూనులో పులులకును ప్రేమదాసకును మరల యుద్ధము.

సుమారు 1,200 మంది భారత సైనికులచట మరణించిరి. వారి శౌర్యమును మేము శంకింపము. వారి నచటికి పంపినవారి బుద్ధిని ప్రశ్నించిన, మృతుల నవమానించితిరని మా నోరు మూయజూచువారినే మేము శంకింతుము. 1991 మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని పులులు చంపిరి. ఆ ఘోరమునకు సమర్థన లేదు. అయినను హతుడైన నాయకునిపై జాలి, యతని విధానమునకు యోగ్యతాపత్రము గానేరదు. ఒడంబడిక కలిపిన ఉత్తర, తూర్పు రాష్ట్రములను 2006లో శ్రీలంక యత్యున్నత న్యాయస్థానము విడదీయుమనెను. 2009 మేలో ముల్లివాయ్క్కాలు ఇసుకతీరమున పులులతోపాటు, వారు కవచముగా నిలిపిన వేలకొలది సామాన్యులును సింహళ సేన ఫిరంగులకు హతులైరి.

కొలంబో చెంత 2008లో మన సైనికులకు స్మారకశిల వెలసెను. మన ప్రధానులు పోయి పూలమాలలుంచుట యుచితమే. జాఫ్నా యాసుపత్రిలోను హతుల చిత్రపటములు వ్రేలాడుచున్నవి. అక్టోబరు 21న తోటి యుద్యోగులు వానికి దీపములు పెట్టుదురు. ఆ హత్యలకై యొక్కనికిని శిక్ష పడలేదు.