లెక్క చెప్పని వ్యాపారం

సంతాన సాఫల్య కేంద్రాల సంగతి ధనికుల గొడవ అనీ, దానితో అభ్యుదయవాదులకు నిమిత్తం లేదనీ మన మిత్రులలో కొందరంటారు. వీరు వినుకొండ నుండి గుంటూరు దాకా బస్సులో కిటికీ పక్కన కూర్చుని పోయినవారు కారనుకోవాలి. దారి పొడవునా పసిబిడ్డల బొమ్మలతో ప్రకటనలే. అరెకరం మిరపచేను తాకట్టు పెట్టి ఆ చికిత్సకు పోయే దంపతులు ధనికులా? ఆడదానికి "గొడ్రాలు" అన్న మాట అంటగట్టి, మగవానికి అంతటి వాడుకమాట పుట్టించని సంఘం ఆమెను ఆ గడప ఎక్కిస్తున్నది. గడప దాటిన తర్వాత జరిగేది వ్యాపారం.

చట్టం లేదా? ఉన్నది. సహాయక పునరుత్పత్తి సాంకేతిక చట్టాన్నీ, సరోగసీ చట్టాన్నీ పార్లమెంటు 2021లో చేసింది. అండం ఇచ్చే స్త్రీ వయస్సు 23, 35 ఏళ్ళ మధ్య ఉండాలి. జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి. ఏడు అండాలకు మించి తీయరాదు. ఎనిమిదోది తీశారా లేదా అన్నది ఎవరు చూడాలి? మత్తులో పడుకొన్న ఆ స్త్రీయా? తీసేవాడే లెక్క వ్రాసేవాడు! చికిత్సల ఫలితాలు సైతం జాతీయ రిజిస్ట్రీకి చేరాలన్నారు. బాగున్నది. కాని జనం ముందుకు వచ్చేది కేంద్రాల పేర్ల పట్టికే. ఏ కేంద్రం ఎందరిని వట్టి చేతులతో పంపిందో గుంటూరు దారి పట్టిన దంపతులు ఎక్కడ చదువుకోవాలి? బొమ్మల ప్రకటనలోనా?

2025 జులైలో సికింద్రాబాదు "సృష్టి" కేంద్రం వ్యవహారం బయటపడింది రిజిస్ట్రీ వల్ల కాదు. బిడ్డ తమది కాదని డి.ఎన్.ఎ. పరీక్షలో తేలిన దంపతులు పోలీసులను ఆశ్రయించడం వల్ల. వారి వద్ద 30 లక్షల పైచిలుకు గుంజి, పేదతల్లి వద్ద 90 వేలకు కొన్న శిశువును చేతిలో పెట్టారని అభియోగం. లైసెన్సు గడువు 2021లోనే తీరిపోయిందని కూడా పోలీసులే చెప్పారు. నేరం తేల్చడం న్యాయస్థానం పని. కాని గడువు తీరిన నాలుగేళ్ళూ తనిఖీ చేయవలసినవారు ఏం చేస్తున్నట్లు? 30 లక్షలకూ 90 వేలకూ మధ్యనున్న దూరం గ్రహించడానికి మార్క్సును చదివి ఉండనక్కరలేదు.

లెక్కలు బయటపెడితే రోగుల గుట్టు రట్టవుతుందట! ఎవరి పేరు అడిగాం? 1991 నుండి పనిచేస్తున్న బ్రిటిషు నియంత్రణ సంస్థ ఏ కేంద్రంలో ఎన్ని చికిత్సలు జరిగినవో, ఎన్ని ఫలించినవో కేంద్రాలవారీగా ప్రకటిస్తున్నది. బ్రిటన్ సోషలిస్టు రాజ్యమేమీ కాదు.

గుంటూరు, నరసరావుపేటలలో నమోదైన ప్రతి కేంద్రం గత సంవత్సరపు లెక్కను కలెక్టరు కచేరీ గోడకు తెలుగులో అంటించాలి. అండాలిచ్చిన స్త్రీలెందరో, వారిలో ఆసుపత్రి పాలైనవారెందరో అందులోనే ఉండాలి.