కలిపి చదవనివ్వండి

డిగ్రీలో మూడు సబ్జెక్టుల కాంబినేషన్లను ఎత్తేసి, 2023-24 విద్యా సంవత్సరం నుంచి సింగిల్ మేజర్ విధానం తెచ్చిన ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి నిర్ణయానికి మద్దతుగా వినిపిస్తున్న మాటల్లో ఒకటి వినేకొద్దీ మనసు రగులుతోంది. విద్యార్థి ఒక సబ్జెక్టును మేజర్‌గా తీసుకుని, తనకు నచ్చిన మరే సబ్జెక్టునైనా మైనర్‌గా ఎంచుకోవచ్చని, ఇంత స్వేచ్ఛ ఇదివరకు ఎన్నడూ లేదని చెబుతున్నారు. ఈ మాట నిజం కాదు. జిల్లా కేంద్రం దాటి ఏ డిగ్రీ కాలేజీ మెట్లెక్కి చూసినా ఆ సంగతి తెలిసిపోతుంది.

మూడు సబ్జెక్టులు మోసే విద్యార్థికి ఏ ఒక్కదానిలోనూ లోతు రావడం లేదన్న వాదనలో బలముంది; నాలుగేళ్ల ఆనర్స్ ఉంటే విదేశాల్లో పైచదువులకు దారి సులువవుతుందన్నదీ కాదనలేం. మూడు ఎక్కువైతే రెండు చేయవచ్చు. రెండింటినీ సమాన స్థాయిలో చదివే అవకాశాన్ని మూసేసి ఒకటి దగ్గరే ఎందుకు ఆగారో ఎవరూ వివరించడం లేదు.

జాతీయ విద్యావిధానం చెప్పినట్టే చేశామనడం కూడా కుదరదు. ఆ విధానం అమలు కోసం యూజీసీ 2022 డిసెంబరులో విడుదల చేసిన పాఠ్యప్రణాళిక, క్రెడిట్ల చట్రంలో డబుల్ మేజర్ ప్రస్తావన స్పష్టంగా ఉంది. రెండో మేజర్‌లో కనీసం 40 శాతం క్రెడిట్లు సాధించిన విద్యార్థికి రెండు మేజర్లతో డిగ్రీ ఇవ్వవచ్చు. మూడేళ్ల డిగ్రీకి 120 క్రెడిట్లు కనుక రెండో సబ్జెక్టుకు 48 వస్తాయి. అదే చట్రంలో మైనర్‌కు కేటాయించినవి 24. సగానికి సగం కోత పడిన చోట స్వేచ్ఛ పెరిగిందని చెప్పడం విద్యార్థిని మభ్యపెట్టడమే.

పోనీ, ఆ 24 క్రెడిట్లైనా నచ్చిన సబ్జెక్టులో దొరుకుతాయా? కెమిస్ట్రీ మేజర్‌లో చేరిన అమ్మాయి పర్యావరణశాస్త్రం మైనర్‌గా కావాలని అడిగిందనుకుందాం. దొరకాలంటే ముందు ఆ కాలేజీలో దాన్ని చెప్పే లెక్చరర్ ఉండాలి. మన డిగ్రీ కాలేజీల్లో అత్యధికం పర్యావరణశాస్త్రానికి ప్రత్యేకంగా అధ్యాపకుడు లేనివే. అందరికీ తప్పనిసరి చేసిన పర్యావరణ పేపర్‌ను ఆ సెమిస్టర్‌లో ఖాళీగా ఉన్నవారికి అప్పగించడం ఏళ్లుగా చూస్తున్నదే. ఆ అమ్మాయికి ప్రిన్సిపల్ ఏం చెబుతారు? ఉన్న అధ్యాపకులతో సర్దుకోగల మైనర్ల జాబితా చూపించి, అందులోంచి ఒకటి తీసుకోమంటారు. ఆయన తప్పు కూడా కాదు. కొత్త పోస్టు ఇవ్వలేదు, ప్రయోగశాలకు నిధులివ్వలేదు, పక్క కాలేజీకి వెళ్లి చదివే ఏర్పాటూ చేయలేదు. కాలేజీ చేతిలో లేని స్వేచ్ఛను విద్యార్థి చేతికి ఇచ్చామని ప్రకటించుకోవడమే మాకు అన్నింటికన్నా అభ్యంతరకరంగా తోస్తోంది. పెద్ద నగరాల్లోని స్వయంప్రతిపత్తి కాలేజీల్లో చేరగలిగినవారికి అవకాశం మిగులుతుంది. పలాసలోనో కనిగిరిలోనో చదివే పిల్లలకు ఆ మాట మాటగానే మిగిలిపోతుంది.

ఎన్నో సబ్జెక్టుల జోడీలు ఉండగా కెమిస్ట్రీ, పర్యావరణశాస్త్రం జోడీ కోసమే ఇంత పట్టుదల ఎందుకని అడగవచ్చు. 2020 నాటి విశాఖను గుర్తుచేసుకుంటే చాలు. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్ఆర్ వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండు మంది ప్రాణాలు తీసింది. స్టైరీన్‌ను చల్లగా ఉంచకపోతే అణువులు తమలో తాము కలిసిపోతూ వేడిని పుట్టిస్తాయి, ఆ వేడి చర్యను మరింత వేగిరపరుస్తుంది. ట్యాంకు అడుగున మాత్రమే ఉష్ణోగ్రత కొలుస్తూ పైభాగం సంగతి పట్టించుకోకపోతే ఏమవుతుందో కెమిస్ట్రీ చదివినవారు చెప్పగలరు. ఆ ఆవిరి గాలికన్నా బరువైనది. వేకువజామున గాలి కదలని వేళ అది నేలను అంటిపెట్టుకుని నిద్రపోతున్న ఊరి మీదికి ఎలా పాకుతుందో పర్యావరణశాస్త్రం చదివినవారు చెప్పగలరు. గోడకు ఇవతల రసాయనం, అవతల ఊరు. ఆ రెండింటినీ ఒకే చూపులో చూడగలిగినవాళ్లు ఎందరున్నారు? తమకు చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని 2019లో ఆ కంపెనీయే అఫిడవిట్‌లో ఒప్పుకుంది. ఆ కాగితం అర్థమయ్యేవాళ్లు ఊరికి ఒక్కరున్నా అడగాల్సిన ప్రశ్నలు ముందే అడిగేవారు.

పటాన్‌చెరు కథ ఇంకా పాతది. 2007లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ విశ్వవిద్యాలయానికి చెందిన లార్సన్ బృందం అక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొస్తున్న నీటిని పరీక్షించి ఫలితాలు ప్రకటించింది. సుమారు 90 ఔషధ తయారీ సంస్థల వ్యర్థజలాలు చేరే కేంద్రమది. శుద్ధి అయ్యాక వదిలిన నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండే మోతాదుకన్నా అది ఎక్కువ. బీఓడీ, సీఓడీ పరీక్షలు ఎన్నిసార్లు చేసినా ఈ సంగతి బయటపడదు. అవి నీటికి ఎంత ఆక్సిజన్ అవసరమో మొత్తంగా చెబుతాయే తప్ప అందులో ఏ మందు ఉందో చెప్పవు. దేనికోసం వెతకాలో తెలిసి మాస్ స్పెక్ట్రోమీటర్‌లో పెడితేనే అది దొరుకుతుంది. దొరికాక, ఆ మోతాదుకు అలవాటుపడిన వాగులోని బ్యాక్టీరియా రేపు ఆస్పత్రి వార్డులో ఏ మందుకూ లొంగకపోతే ఎలాగన్న ప్రశ్న వేయాలంటే ప్రయోగశాల బయటి ప్రపంచం తెలియాలి. 2020 జనవరిలో కేంద్రం యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు ప్రతిపాదిస్తూ ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు లేవు. పరవాడ, అచ్యుతాపురం చుట్టూ మందుల ఫ్యాక్టరీలు పెరుగుతున్న రాష్ట్రంలో ఆ తొలగింపు మీద రావాల్సిన గట్టి అభ్యంతరం రాలేదు. చదివి అర్థం చేసుకునేవాళ్లను తయారు చేయని చోట అభ్యంతరం చెప్పేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు?

ఫ్లోరోసిస్ అయితే మన ఇంటి జబ్బే. దేశంలో దాన్ని తొలిసారి వైద్యపత్రికకు ఎక్కించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల నుంచే. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి నాగ్‌పూర్‌లోని పరిశోధన సంస్థ నీరీ శాస్త్రవేత్తలు రూపొందించిన పద్ధతికి నల్గొండ పేరే పెట్టారు. అందులో వాడేవి పటిక, సున్నం. పటిక లెక్క తప్పితే నీటిలో అల్యూమినియం మిగులుతుంది. లెక్క సరిపోయినా, అడుగున పేరుకున్న మడ్డిలో ఫ్లోరైడ్ ఉంటుంది. దాన్ని ఊరి చివర పారబోస్తే మళ్లీ నేలలోకే పోతుంది. మొదటిది కెమిస్ట్రీ ప్రశ్న, రెండోది పర్యావరణ ప్రశ్న అని రెండు గదుల్లో రెండు పాఠాలుగా చెప్పుకుంటూ కూర్చున్నందుకే ఎన్నో ఊళ్లలో శుద్ధి యంత్రాలు తుప్పుపట్టాయి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కిడ్నీలు దెబ్బతినడానికి అసలు కారణం ఇప్పటికీ తేలలేదు. అక్కడి నీటిని, నేలను, పురుగుమందులను, మనుషుల పనిగంటలను కలిపి పరిశీలించాల్సిన వాళ్లలో శ్రీకాకుళం పిల్లలు కదా ముందుండాలి?

పర్యావరణం ఎలాగూ అందరికీ నేర్పుతున్నాం కదా అనేవారూ ఉన్నారు. ఎం.సి.మెహతా కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యమా అని ఆ పేపర్ వచ్చింది. యూజీసీ దానికి ఆరు నెలల పాఠ్యాంశం తయారు చేయించింది. పౌరుడికి కావలసిన అవగాహన కోసం పెట్టిన ఆ పేపర్‌ను ఒక శాస్త్రం నేర్పడానికి బదులుగా చూపించడం సుప్రీంకోర్టు ఉద్దేశాన్ని వక్రీకరించడమే.

అంతర్జాతీయ ప్రమాణాల మాట చెప్పేవారు ఇంగ్లండ్‌లోని కీల్ విశ్వవిద్యాలయం వైపు చూడాలి. రెండు సబ్జెక్టులను సమానంగా చదివే డ్యూయల్ ఆనర్స్‌తోనే దానికి పేరు వచ్చింది. అమెరికాలో డబుల్ మేజర్ సర్వసాధారణం.

ఈ చదువు ఎక్కడ అక్కరకొస్తుందో మన చట్టంలోనే ఉంది. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం ప్రకారం ఫ్యాక్టరీ కాలువ నుంచి నీటి నమూనా తీసేవారు యాజమాన్యానికి నోటీసు ఇవ్వాలి, వారు కోరితే నమూనాను రెండు భాగాలు చేసి సీలు వేయాలి. ఆ పద్ధతి తప్పితే ప్రయోగశాల ఎంత గొప్ప నివేదిక ఇచ్చినా కోర్టులో సాక్ష్యంగా చెల్లదు. టైట్రేషన్ బాగా వచ్చినంత మాత్రాన ఇది రాదు, చట్టం బట్టీపట్టినంత మాత్రాన టైట్రేషన్ రాదు.

మా డిమాండ్ చిన్నది. కెమిస్ట్రీ, పర్యావరణశాస్త్రం డబుల్ మేజర్‌ను ముందుగా విశాఖ, కాకినాడ, ఒంగోలు, నెల్లూరు, శ్రీకాకుళం ప్రభుత్వ కాలేజీల్లో ప్రారంభించాలి. ఒక్కో చోట ఇద్దరు రెగ్యులర్ లెక్చరర్లను నియమించాలి, గెస్టు ఫ్యాకల్టీతో నెట్టుకురావడం కుదరదు. కాలుష్య నియంత్రణ మండలి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలల్లో నియామకాలకు ఈ డిగ్రీని అర్హతగా గుర్తించాలి. అంతవరకు నచ్చిన మైనర్ ఎంచుకోవచ్చన్న ప్రచారం ఆపి, ఏ కాలేజీలో ఏ మైనర్‌కు అధ్యాపకుడు ఉన్నాడో జాబితా ప్రకటించాలి. యూజీసీ ఇచ్చిన అవకాశాన్ని విద్యార్థి దాకా రానివ్వడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఉన్నత విద్యామండలి ఒక్క ఉత్తర్వు ఇస్తే చాలు. వెబ్ ఆప్షన్లు మొదలయ్యేలోగా ఆ ఉత్తర్వు రావాలి.