మన ఫోనులో ఎవరి పెత్తనం?

కడియం నర్సరీల వ్యాపారమంతా ఇప్పుడు ఫోను మీదే నడుస్తోంది. కడియపులంక, వేమగిరి, బుర్రిలంక రోడ్ల వెంట మొక్కలు బారులు తీరి ఉంటాయి గానీ బేరం వాట్సాప్‌లో తేలుతుంది. మొక్క ఫొటో పంపాలి, ఎత్తెంతో కవరు సైజెంతో చెప్పాలి, అడ్వాన్సు ఫోన్‌పేలో పడ్డాక లారీకెక్కించాలి. అంట్లు కట్టేవాళ్ల కూలి డబ్బులూ అందులోంచే వెళతాయి. ఆధార్ ఓటీపీ, బ్యాంకు మెసేజీలు, డ్వాక్రా లెక్కలు, పిల్లల ఫొటోలు అన్నీ అందులోనే ఉంటాయి.

అలాంటి ఫోను తెర మీద ఒకరోజు ‘ఈ పరికరం మీ సంస్థకు చెందినది’ అన్న వాక్యం కనబడితే ఎవరికైనా గుండె జారుతుంది. కొన్నది తను. ఏ కంపెనీలోనూ ఉద్యోగం లేదు. మరి ఆ సంస్థ ఏది? షాపులో అడిగితే ‘ఏం కాదండి, అది మామూలే’ అంటారు. ఇంట్లో చెబితే ‘నీకన్నీ అనుమానాలే’ అంటారు. ఫోను వేడెక్కినా, చార్జింగు త్వరగా దిగిపోయినా, డేటా ఊరికే ఖర్చయినా ఆ భయం ఇంకాస్త పెరుగుతుంది. నిజానికి పాత బ్యాటరీకీ, పెద్ద అప్‌డేట్‌కీ కూడా ఈ లక్షణాలే ఉంటాయి. కాబట్టి వాటిని చూసి హడలిపోనక్కర్లేదు. కానీ ఆ మనిషి అడిగిన ప్రశ్నను పిచ్చి భయమని కొట్టిపారేయడం అన్యాయం.

కడియానికి పక్కనే ఉన్న రాజమహేంద్రవరంలో 2022 సెప్టెంబరులో ఏం జరిగిందో ఈ ప్రాంతం మరిచిపోలేదు. యాప్‌లో చిన్న అప్పు తీసుకున్న యువ దంపతులు వేధింపులు తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. మార్ఫింగ్ చేసిన ఫొటోలు తెలిసినవాళ్లకు పంపుతామన్న బెదిరింపులు వాళ్లను కుంగదీశాయి. ఇద్దరు చిన్నపిల్లలు తల్లిదండ్రులు లేనివాళ్లయ్యారు. ప్రభుత్వం ఒక్కో పాపకు 5 లక్షల రూపాయలు ప్రకటించింది. అంతకు దాదాపు రెండేళ్ల ముందు, 2020 డిసెంబరులో, తెలంగాణలోనూ ఇలాంటి మరణాలు వరసగా బయటపడ్డాయి. ఈ యాప్‌ల పద్ధతి ఒకటే. అప్పు ఇచ్చేముందు కాంటాక్టులు, ఫొటోలు చూసే అనుమతి అడుగుతాయి. డబ్బు అవసరంలో ఉన్న మనిషి ‘సరే’ నొక్కుతాడు. ఆ తర్వాత అతని బంధువర్గమంతా ఎక్కడో కూర్చున్న వసూలు ఏజెంటు చేతిలో ఉంటుంది.

రుణ యాప్‌లు ఫోనులోని ఫైళ్లు, కాంటాక్టులు, కాల్ వివరాల జోలికి పోకూడదని రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు జారీ చేసింది కూడా 2022 సెప్టెంబరులోనే. గూగుల్ తన ప్లే స్టోరులోని రుణ యాప్‌లకు ఇదే ఆంక్షను 2023 మే 31 నుంచి పెట్టింది. నియమాలు వచ్చాయి, మంచిదే. వాటికి లొంగని యాప్‌లు మాత్రం ప్లే స్టోరు బయట లింకుల రూపంలో తిరుగుతూనే ఉన్నాయి.

ఫోనులో ఎవరో దూరారంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది పెగాసస్. ఇజ్రాయెల్‌కు చెందిన ఎన్‌ఎస్‌ఓ గ్రూపు తయారుచేసిన ఈ నిఘా సాఫ్ట్‌వేరు గురించి 2021 జులైలో 17 మీడియా సంస్థలు కలిసి కథనాలు వెలువరించాయి. జస్టిస్ ఎన్.వి.రమణ ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నప్పుడు సుప్రీంకోర్టు సాంకేతిక కమిటీ వేసింది. కమిటీ 29 ఫోన్లు పరిశీలించి, అయిదింటిలో ఏదో హానికర సాఫ్ట్‌వేరు ఉందని చెప్పింది. అది పెగాససేనని మాత్రం తేల్చలేకపోయింది. కేంద్రం తమకు సహకరించలేదని కూడా చెప్పింది. తెలంగాణలో 2024 మార్చిలో మొదలైన ఫోన్ ట్యాపింగ్ కేసు నిందితుల్లో పోలీసు నిఘా విభాగమైన ఎస్‌ఐబీ మాజీ అధికారులు ఉన్నారు. ఆ ఆరోపణలు నిజమో కాదో కోర్టులు తేల్చాలి. ఇవి ప్రజాస్వామ్యానికి సంబంధించిన పెద్ద విషయాలు, వాటి మీద పోరాటం జరగాల్సిందే.

అయితే కడియంలో కూలి పని చేసుకునే మనిషి ఫోనులోకి చూసేందుకు అంత ఖరీదైన సాఫ్ట్‌వేరు ఎవరికీ అవసరం లేదు. అతని ఫోనులో పెత్తనం చేసేది తరచూ దాన్ని ఒకసారి చేతిలోకి తీసుకున్నవాళ్లే. అమ్మిన షాపు, అప్పిచ్చిన ఫైనాన్సు సంస్థ, ఇంట్లోవాళ్లు, పై అధికారి. లేదా అతనిచేతే ఒక బటన్ నొక్కించిన దొంగ.

వాయిదాల మీద కొన్న ఫోను సంగతే చూడండి. షాపు కుర్రాడు పెట్టె విప్పి, ఏదో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి, అయిదు నిమిషాల్లో ఫోను సిద్ధం చేసి చేతికిస్తాడు. ఆ అయిదు నిమిషాల్లో లోపల ఒక తాళం యాప్ కూర్చుంటుంది. మామూలు యాప్‌లా దాన్ని తీసేయడం కుదరదు. కొన్ని రకాల తాళాలు ఫ్యాక్టరీ రీసెట్ చేసినా ఇంటర్నెట్ తగలగానే మళ్లీ వచ్చి కూర్చుంటాయి. వాయిదా తప్పితే అప్పిచ్చినవాళ్లు ఎక్కడినుంచో ఫోను కట్టేస్తారు. ‘మీ సంస్థ’ అన్న మాట చాలాసార్లు వచ్చేది ఇక్కడినుంచే. ఆఫీసు ఫోన్లను అదుపులో పెట్టుకోవడానికి కంపెనీలకిచ్చిన సదుపాయాన్నే ఇక్కడా వాడుతున్నారు.

తాకట్టు లేకుండా అప్పిస్తున్నాం, తాళం లేకపోతే వసూలు ఎలా అని రుణసంస్థలు అడుగుతాయి. ఆ ప్రశ్నలో కొంత న్యాయం ఉంది. కానీ ఫోను కట్టేస్తే కూలి డబ్బులొచ్చే దారి, ఆర్డరొచ్చే దారి చిక్కులో పడతాయి. రిజర్వు బ్యాంకు 2024లో ఇలాంటి తాళాలు ఆపమని రుణసంస్థలకు చెప్పిందనీ, మళ్లీ షరతులతో అనుమతించే ఆలోచనలో ఉందనీ 2025 సెప్టెంబరులో రాయిటర్స్ రాసింది. అనుమతించినా సరే, కొనే మనిషికి ముందే చెప్పి సంతకం తీసుకోకుండా తాళం పెట్టడాన్ని మోసం అనే అనాలి.

దొంగల దారి వేరు. ‘ట్రాఫిక్ చలానా’, ‘పీఎం కిసాన్’, ‘బ్యాంకు రివార్డు’, ‘పెళ్లి పత్రిక’ అంటూ వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు, అంటే ఫోనులో యాప్ ఎక్కించే ఫైలు, వస్తుంది. పంపింది తెలిసినవాళ్లే కావచ్చు, ఎందుకంటే వాళ్ల ఫోను అప్పటికే దొంగల చేతిలో పడి ఉంటుంది. ఫైలు నొక్కగానే మెసేజీలు చదివే అనుమతి, ఆ తర్వాత యాక్సెసిబిలిటీ అనుమతి అడుగుతుంది. ఈ రెండోది చూపు లేనివాళ్లూ, చేతులు సరిగా ఆడనివాళ్లూ ఫోను వాడుకోవడానికి పెట్టిన ఏర్పాటు. తెర మీది అక్షరాలు చదవగలదు, మనిషి బదులు బటన్లు నొక్కగలదు. అంత మంచి ఏర్పాటే దొంగకు దొరికితే ఓటీపీ తనే చదువుకుంటాడు, బ్యాంకు యాప్‌లో తనే నొక్కుకుంటాడు. యాప్ బొమ్మ మాత్రం తెర మీంచి మాయమవుతుంది.

వీటన్నిటికన్నా బయటికి చెప్పుకోలేనిది ఇంట్లో నిఘా. భార్య ఫోనులో భర్తో, చెల్లెలి ఫోనులో అన్నో రహస్యంగా యాప్ పెట్టి ఎక్కడుందో, ఎవరితో మాట్లాడుతోందో చూస్తుంటారు. లాక్ తెలిసి, ఫోను పది నిమిషాలు చేతిలో ఉంటే చాలు. తన సాఫ్ట్‌వేరు వాడేవాళ్లలో 31,031 మంది ఫోన్లలో 2023లో ఇలాంటి నిఘా యాప్‌లు కనబడ్డాయని క్యాస్పర్‌స్కీ సంస్థ లెక్కచెప్పింది. ఆ జాబితాలో రష్యా, బ్రెజిల్ తర్వాత మూడో స్థానం మన దేశానిదే. వాట్సాప్ వెబ్‌కు చాటుగా కలుపుకోవడం లాంటి సులువు దారులు ఈ లెక్కలోకి రావు.

మన హైకోర్టు ఈ విషయంలో చాలా ముందే మాట్లాడింది. భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడిన మాటలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసి, భర్త విడాకుల కేసులో సాక్ష్యంగా తెచ్చాడు. పెళ్లయినంత మాత్రాన ఆమె ఏకాంతం మీద అతనికి హక్కు రాదనీ, అది చెల్లని సాక్ష్యమనీ 2007లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు తేల్చింది. పదేళ్ల తర్వాత, 2017 ఆగస్టు 24న, సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. కానీ 2025 జులైలో అదే సుప్రీంకోర్టు, భార్యాభర్తల మధ్య సంభాషణను రహస్యంగా రికార్డు చేసినా విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చని చెప్పింది. ఆ తీర్పు ఎవరినీ దొంగచాటు యాప్ పెట్టుకోమనలేదు. అయినా ఇంట్లో నిఘా మామూలే అన్న భావం దాంతో బలపడుతుందన్న భయం సహేతుకమైనదే. ఒక మహిళ ఇంటర్నెట్ వాడకాన్ని, సందేశాలను ఆమె ఇష్టానికి విరుద్ధంగా కనిపెట్టి చూడటం భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరమని ఎంతమందికి తెలుసు?

ప్రభుత్వాలు కూడా ఈ విషయంలో మంచి అలవాటు నేర్పలేదు. 2022 ఆగస్టులో ముఖ హాజరు యాప్‌ను సొంత ఫోన్లలో వేసుకోమంటే ఆంధ్రప్రదేశ్ ఉపాధ్యాయులు ఎదురు తిరిగారు, కావాలంటే పరికరాలు మీరే ఇవ్వండన్నారు. మహిళల రక్షణకు తెచ్చిన దిశ యాప్‌ను రోడ్డు మీద ఆపి మరీ ఎక్కించే స్థితి వచ్చింది. 2023 నవంబరులో పరవాడలో ఈ యాప్ దగ్గరే మాటామాటా పెరిగి పోలీసులు ఒక సైనికుడి మీద చేయిచేసుకున్నారు. 2025 నవంబరు 28న కేంద్రం కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ యాప్‌ను ముందే పెట్టి అమ్మాలని కంపెనీలను ఆదేశించింది. దేశమంతా అభ్యంతరం చెప్పాక డిసెంబరు 3న వెనక్కి తీసుకుంది. ఈ యాప్‌లు పనికిరానివని కాదు. సంచార్ సాథీలో ఉన్న, మన పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూపే సేవ 2021లో మొదట తెలుగు రాష్ట్రాల్లోనే మొదలైంది, ఎంతోమందికి ఉపయోగపడింది. మంచి పనిముట్టును కూడా మనిషి ఒప్పుకుని తీసుకోవాలి. ‘పెద్దసార్లు వేసుకోమన్నారు’ అని యాప్ వేసుకోవడం అలవాటైన మనిషి, రేపు దొంగ పోలీసు గొంతుతో అడిగినా వేసుకుంటాడు.

అనుమానం ఉన్నవాళ్లు చూసుకోవాల్సిన చోట్లు కొన్నే. సెట్టింగుల్లో డివైస్ అడ్మిన్ యాప్‌ల జాబితా, యాక్సెసిబిలిటీ అనుమతి ఉన్న యాప్‌ల జాబితా చూడాలి. ప్లే స్టోరులో హానికర యాప్‌లను పట్టే ప్లే ప్రొటెక్ట్‌ను ఎవరైనా ఆపేశారేమో చూడాలి. వాట్సాప్‌లో లింక్డ్ డివైసెస్ నొక్కితే మన ఖాతా ఇంకెక్కడ తెరిచి ఉందో తెలుస్తుంది. గూగుల్ ఖాతాలోనూ అలాంటి జాబితా ఉంది. తెలియని పేరు కనబడితే తీసేసి, పాస్‌వర్డ్ మార్చాలి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి. ఇంట్లో వేధించే మనిషే నిఘా పెట్టాడని అనుమానముంటే మాత్రం తొందరపడి యాప్ తీసేయకూడదు. తీసిన సంగతి అతనికి తెలుస్తుంది, సాక్ష్యం పోతుంది, ప్రమాదం పెరగొచ్చు. ముందు మరొకరి ఫోను నుంచి 181కి గానీ, నమ్మకస్తులకు గానీ చెప్పుకోవాలి.

భారమంతా ఫోను వాడేవాళ్ల మీదే వేసి ఊరుకుంటే సరిపోదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, అనుమతి అడిగే నోటీసును రాజ్యాంగం గుర్తించిన భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలు ఉండాలంటోంది. 2025 నవంబరులో నియమాలూ వచ్చాయి, అవి పూర్తిగా అమలు కావడానికి ఇంకా గడువుంది. ఆ గడువు కోసం చూడకుండా, వాయిదాల ఫోను అమ్మే ప్రతి షాపూ ఇప్పటినుంచే ఒక తెలుగు కాగితం ఇవ్వాలి. ఏ తాళం పెట్టారు, అది ఏమేం చూడగలదు, అప్పు తీరాక ఎన్నిరోజుల్లో తీస్తారు, తీయకపోతే ఎవరిని అడగాలి అన్న నాలుగు విషయాలు అందులో ఉండాలి. ప్రతి జిల్లా కేంద్రంలో సైబర్ పోలీసులు వారానికో రోజు ఫోన్లు పరీక్షించే బల్ల పెట్టాలి. అక్కడ మహిళా సిబ్బంది ఉండాలి, ఫోనును కేసు ఆస్తిగా నెలలకొద్దీ అట్టిపెట్టుకోకుండా చూసి తిరిగివ్వాలి. దిశ పోలీస్ స్టేషన్ రాష్ట్రంలో మొదట 2020 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరంలోనే తెరిచారు. ఈ పరీక్ష బల్లనూ అక్కడే మొదలుపెట్టొచ్చు. కడియం నుంచి బస్సులో వెళ్లి చూపించుకుని, మధ్యాహ్నానికి పనిలోకి రావచ్చు.