కొండకొమ్ముకు కాలిబాట వేయండి

కోల్‌కతాకు కొండా లేదు, రాతి తీరమూ లేదు. దగ్గర్లో ఉన్న మడ అడవి సుందర్‌బన్‌లో పర్యాటకులను పడవ దిగి ఇష్టమొచ్చినట్టు తిరగనివ్వరు. అయినా నడకకూ కొండలెక్కడానికీ పేరుపడ్డ సంఘాలు ఆ నగరంలో ఉన్నాయి. 1960లో నందాఘుంటి శిఖరం ఎక్కిన బెంగాలీ బృందం అక్కడి నుంచే బయల్దేరింది. ఆ ఊరివాళ్లు రాత్రి రైలెక్కితే మర్నాటికి విశాఖలో దిగుతారు. తూర్పు కనుమలు సముద్రానికి ఆనుకునే ఆ చోట వాళ్లకు మనం చూపించేది కైలాసగిరి రోప్‌వే, ఫొటోలు దిగే మలుపులు. కంబాలకొండ అభయారణ్యంలో నడకదారులు ఉన్నాయి గానీ అవి అడవిలోనే తిరిగి అడవిలోనే ముగుస్తాయి. గైడు వెంట చిన్న బృందంగా అడవి అంచున నడిచి, సముద్రం మీదికి తొంగిచూసే కొండకొమ్ముకు చేరే దారి ఒక్కటైనా వేయాలి. చివరి మజిలీగా తొట్లకొండ సరిపోతుంది. సుమారు రెండువేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువులు విహారానికి ఎంచుకున్న కొండ అది.

ఖర్చు తక్కువన్నది నా మొదటి కారణం కాదు. కొండను తొలిచి వేసిన రోడ్డును వెనక్కి తీసుకోలేం. కాలిబాటను రెండు వర్షాకాలాలు మూసేస్తే గడ్డి కప్పేస్తుంది. 2021 తర్వాత విశాఖ తీరంలోని రుషికొండను తవ్విన తీరుపై వివాదం కోర్టులకెక్కింది. ఆ తవ్వకానికి కారణం నడిచి వచ్చేవాళ్లు కాదు కదా!

ప్రమాదం మాటేమిటని అడుగుతారు. కంబాలకొండలో చిరుతలున్న మాట నిజం. కానీ పులులుండే సుందర్‌బన్‌కు జనం ఏటా వెళ్తూనే ఉన్నారు. ముందుగా అనుమతి, పడవకో గైడు, దిగడానికి కంచె వేసిన చోట్లు మాత్రమే: అక్కడి కట్టుబాటు ఇంతే. ఇక్కడా బృందానికి పరిమితి పెట్టి, తుఫాన్ల కాలంలో దారి మూసి, ఒడ్డున అలలు కొట్టే రాళ్ల మీదికి దిగనివ్వకపోతే చాలు. డాల్ఫిన్స్ నోస్ కొండ నౌకాదళం నిఘాలో ఉంది, దాని జోలికి పోనక్కర్లేదు. గట్టి అభ్యంతరం వన్యప్రాణుల తరఫున వచ్చేదే. మనుషుల అలికిడి జంతువులను బెదరగొడుతుంది. అందుకే దారి అభయారణ్యం నడిబొడ్డుకు పోకూడదు, ఉదయం వేళకే పరిమితం కావాలి. అడవికీ తీరానికీ మధ్య జాతీయ రహదారి అడ్డు ఉంది కాబట్టి దాన్ని దాటే ఏర్పాటుకు మాత్రం డబ్బు పెట్టక తప్పదు.

ఉపాధి విషయంలోనూ బెంగాల్‌నే చూడొచ్చు. అప్పటి మేదినీపూర్ జిల్లా అరాబరిలో 1970ల్లో సాల్ అడవిని కాపాడిన గ్రామస్థులకు కలప రాబడిలో 25 శాతం వాటా ఇస్తామన్నారు. నరికివేతకు గురైన అడవి మళ్లీ లేచింది. కంబాలకొండ చుట్టుపక్కల ఊళ్ల యువకులే గైడ్లు కావాలి, టికెట్ రాబడిలో వాళ్ల ఊళ్లకు ఎంత వాటా దక్కుతుందో దారి తెరవకముందే కాగితం మీద రాయాలి. ఆ కాగితం లేకుండా మొదలుపెడితే మూడో ఏడాదికి అక్కడ ఏదో ఒక కాంట్రాక్టరు బోర్డు వెలుస్తుంది.