నర్సులకు సంఘం ఎందుకు?

వైద్యులకు సంఘం ఎందుకని ఎవరూ ప్రశ్నించరు. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ 1928 నుండి పనిచేస్తున్నది. అందులో చేరడం మా వృత్తిలో సహజమైన విషయం. అదే ఒక నర్సు సంఘంలో చేరతానంటే, "మనకెందుకమ్మా ఆ గొడవలు" అని ఇంట్లో వారిస్తారు. యాజమాన్యం అనుమానంగా చూస్తుంది. ఈ జంకు తగదనీ, నర్సులు సంఘటితం కావడం వారికే గాక రోగులకూ మేలనీ నా నిశ్చితాభిప్రాయం.

నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదైంది గదా, మళ్ళీ సంఘం దేనికని కొందరి సందేహం. రెండూ ఒకటి కావు. కౌన్సిల్ చట్టరీత్యా ఏర్పడినది. చదువుకు ప్రమాణాలు నిర్ణయించడం, అర్హులను నమోదు చేయడం దాని పని. సంఘం నర్సులు తమకై తాము నిర్మించుకున్నది. ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా 1908లో ఏర్పడింది. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది 1947లో. అంటే చట్టం కంటే సంఘమే ముందు పుట్టింది.

సంఘం వల్ల ఒరిగేదేమిటి? ఒక్క ఉదాహరణ చాలు. ప్రైవేటు ఆసుపత్రుల నర్సుల దుస్థితిపై ఈ సంఘమే సుప్రీంకోర్టును ఆశ్రయించింది. 2016 జనవరిలో కోర్టు ఆదేశించిన మీదట కేంద్ర ప్రభుత్వం నిపుణుల కమిటీని నియమించింది. 200 పడకలు దాటిన ఆసుపత్రులలో ప్రభుత్వ నర్సులతో సమానంగా జీతం ఇవ్వాలనీ, 50 పడకలకు లోబడిన చోట కూడా నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదనీ ఆ కమిటీ సిఫారసు చేసింది. సిఫారసు తనంతట తాను అమలు కాదు. రాష్ట్ర ప్రభుత్వం పూనుకోవాలి, అడిగేవారు ఉండాలి. కర్నూలులోనో కడపలోనో ఒక చిన్న నర్సింగ్ హోములో పనిచేసే అమ్మాయి ఒంటరిగా అడిగితే మరుసటి నెల ఆమె స్థానంలో మరొకరు ఉంటారు. సంఘం అడిగితే సమాధానం చెప్పక తప్పదు.

మన సీమలో ఇది మరీ ముఖ్యం. వానలు మొగం చాటేసి వేరుశనగ పంట ఎండిపోయిన ఏడాది కూడా అప్పుచేసి కూతురిని నర్సింగ్ చదివించిన తల్లిదండ్రులు ఆలూరు, పత్తికొండ, బద్వేలు ప్రాంతాలలో ఎందరో ఉన్నారు. ఆ అప్పు తీర్చవలసిన అమ్మాయి జీతం గురించి నోరు విప్పడానికి భయపడుతుంది. రాత్రి డ్యూటీలో రోగి బంధువులు దూషించినా దిగమింగుకుంటుంది. వైద్య సిబ్బందిపై దాడులను నిరోధిస్తూ మన రాష్ట్రంలో 2008లోనే చట్టం వచ్చినదని ఆమెకు చెప్పేవారెవరు? ఫిర్యాదు వ్రాయడానికి తోడు నిలిచేవారెవరు?

ఇక రోగి సంగతి. ఐరోపాలోని తొమ్మిది దేశాల ఆసుపత్రులను పరిశీలించిన ఒక అధ్యయనం 2014లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. ఒక్కొక్క నర్సుపై ఒక్క రోగి భారం పెరిగితే, శస్త్రచికిత్స చేయించుకున్నవారు ముప్పై రోజులలోపు మరణించే అవకాశం ఏడు శాతం పెరుగుతున్నదని అందులో తేలింది. కిక్కిరిసిన వార్డులో వైద్యుడు వచ్చి చూసి వెళతాడు. జ్వరం పెరిగినా, రక్తపోటు పడిపోయినా ముందుగా కనిపెట్టేది నర్సే. కనుక వార్డుకు మరి ఇద్దరు నర్సులు కావాలని సంఘం అడిగినప్పుడు అది స్వార్థం కాదు, మీ తల్లిగారి మంచం పక్కన మెలకువగా ఒక మనిషి ఉండాలని అడగడమే.

అయితే చందా కట్టి ఊరుకుంటే చాలదు. మే 12న నర్సుల దినోత్సవం నాడు శాలువాలు కప్పడంతో తృప్తిపడే సంఘం ఎవరికీ ఉపయోగపడదు. కొత్త చికిత్సా పద్ధతులపై తరగతులు జరపమని అడగండి. లెక్కలు చూపమనండి. ఎన్నికలలో పాల్గొనండి. కాంట్రాక్టు నర్సులకు, ప్రైవేటు నర్సులకు కూడా చోటు కల్పించమని పట్టుబట్టండి.

పాఠకులారా, మీ కూతురో కోడలో నర్సు అయితే ఆమెను వారించకండి. ఏ సంఘంలో ఉన్నావమ్మా అని అడగండి. లేకుంటే, ఈ నెలలోనే చేరమని ప్రోత్సహించండి.